పాత పేరు మీద కొత్త టాటూ: లేత రంగులతో కప్పేయొచ్చా?

ముంజేతి మీద నల్లటి అక్షరాల్లో పాత పేరు ఉందని, నాలుగు నెలల్లో పెళ్లని రాశారు. దాని మీద లేత రంగుల సీతాకోకచిలుక వేయిస్తే పేరు కనబడకుండా పోతుందా అని అడిగారు. లేత రంగులతో పోదండీ. ముదురు రంగులతో, ఇప్పుడున్న దానికన్నా బాగా పెద్ద బొమ్మతో పోతుంది. నా చేతి మీద కూడా జాతరలో మిషన్‌తో వేయించుకున్న పేరొకటి ఉండేది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

గోడకు సున్నం కొట్టినట్టు కొత్త రంగు పాతదాని పైన పొరలా నిలవదు. సూది ఇంకును చర్మం పై పొర దాటించి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున వదులుతుంది. పాత ఇంకు ఉన్నదీ అక్కడే. రెండూ కలిసిపోయి కనిపిస్తాయి కాబట్టి నలుపు మీద పసుపు వేసినా, గులాబీ వేసినా నలుపే పైకి తేలుతుంది.

నాకు తామరపువ్వు మీద మనసుండేది. విజయవాడలో నేను వెళ్లిన ఆర్టిస్టు అది కుదరదని మొహమాటం లేకుండా చెప్పేశాడు. నా చేతి మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి పాత అక్షరాలు గీసుకుని, ఆ కాగితం మీదే కొత్త బొమ్మగా నెమలీక మొదలుపెట్టాడు. అన్నిటికన్నా నల్లగా ఉన్న అక్షరం నెమలీక కన్ను మధ్యలో పడింది. మిగతావి ఈక పోగుల్లో కలిసిపోయాయి. పోగులు అక్షరాలకు అడ్డంగా పోయేలా గీశాడు, దాంతో అక్కడ పేరుందని తెలిసినవాళ్లు కూడా చదవలేరు. బొమ్మ పాత పేరుకు దాదాపు మూడింతలైంది. మీ ఆర్టిస్టు కూడా ఇలా పాత గీతల మీదే బొమ్మ కడితే నమ్మండి. ఫోన్లో ఏదో డిజైన్ చూపించి "ఇది వేసేద్దాం" అంటే వద్దనండి.

దానికి ముందు స్కిన్ డాక్టర్ దగ్గర కొన్ని లేజర్ సిట్టింగులు చేయించుకున్నాను, పూర్తిగా తీసేయడానికి కాదు, నలుపు కాస్త పలచబడడానికి. లేజర్ ఇంకును చిన్న చిన్న రేణువులుగా విడగొడితే, ఒంట్లోని కణాలు వాటిని మెల్లగా మోసుకుపోతాయి. అందుకే సిట్టింగుకూ సిట్టింగుకూ మధ్య 6 నుంచి 8 వారాలు ఆగమంటారు. మన చామనఛాయ చర్మం మీద నల్ల ఇంకుకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ వాడతారు, చర్మం సొంత రంగు మీద దాని ప్రభావం తక్కువ. అయినా తెల్లమచ్చలు పడే ప్రమాదం ఉంది కాబట్టి బ్యూటీ పార్లర్లలో మాత్రం చేయించొద్దు. దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బిపోయే తత్వం మీకుంటే ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి.

మీ నాలుగు నెలల్లో లేజరూ, టాటూ, మానడమూ అన్నీ పట్టవు. నేరుగా ముదురు బొమ్మ వేయించుకోవాలన్నా పెళ్లికి కనీసం రెండు నెలల ముందే అయిపోవాలి. మానని టాటూ మీద నలుగు పెట్టి సున్నిపిండితో రుద్దితే పక్కులు ఊడి రంగు పోతుంది, ఇన్ఫెక్షన్ రావచ్చు. కాబోయే ఆయనకు ఆ పేరు సంగతి తెలుసని మీరే రాశారు కదా, ఇక అంత టెన్షన్ ఎందుకు? నన్నడిగితే పెళ్లయ్యాకే వేయించుకోండి. ఫొటోలకైతే మోచేతి దాకా గోరింటాకు దట్టంగా పెట్టించుకుంటే ఆ పేరు చాలావరకు దానిలో కలిసిపోతుంది. నల్లగా పండే కోన్లు మాత్రం వద్దు. వాటిలో పీపీడీ అనే రసాయనం కలుపుతుంటారు, చర్మం బొబ్బలెక్కవచ్చు.

ఇంకో సంగతి. వేసిన రోజు అంతా కప్పేసినట్టే కనిపిస్తుంది. నెల తిరిగేసరికి కొత్త ఇంకు సర్దుకుని, నాకు ఒక అక్షరం అంచు ఏటవాలు వెలుగులో లీలగా తెలిసింది. రెండో సిట్టింగులో సరిచేశాడు. కాబట్టి ఆర్టిస్టును అప్పుడే వేసిన ఫొటోలు కాదు, మానిన తర్వాత తీసినవి చూపించమనండి. సూది ప్యాకెట్ మీ ఎదుటే విప్పాలి, ఇంకు కొత్త కప్పులో పోయాలి. హెపటైటిస్ బి, సి లాంటివి ఒకరికి వాడిన సూదులతో ఇంకొకరికి అంటుకోవచ్చు. మీకు రక్తదానం చేసే అలవాటుంటే, టాటూ తర్వాత 12 నెలలు ఇవ్వడానికి లేదు.

ఒకసారి కళ్లు మూసుకుని ఆ అక్షరాల మీద వేలితో తడిమి చూడండి. ఉబ్బెత్తుగా తగిలితే రంగుతో ఆ ఉబ్బు పోదు, ముందు స్కిన్ డాక్టర్‌కు చూపించాలి. నున్నగా ఉంటే మీ పని చాలా తేలిక. ఎలా ఉందో కింద రాయండి, ఏ బొమ్మ నప్పుతుందో ఆలోచిద్దాం.