హ్యామర్ కోరల్ ముడుచుకుపోతుంటే మందు కన్నా ముందు మీటర్ని అనుమానించండి

మీ ఉప్పునీటి అక్వేరియంలోని హ్యామర్ కోరల్ (సుత్తి ఆకారపు కొసలున్న టెంటకిల్స్, అంటే మెత్తటి వేళ్ళు, ఉండే పగడపు జీవి) రెండు వారాలుగా విచ్చుకోవడం లేదని, మూడు తలల్లో (టెంటకిల్స్ గుత్తుల్లో) ఒకదాని అంచున తెల్లటి సున్నపు గూడు బయటపడుతోందని రాశారు. టెస్టులన్నీ బాగానే వచ్చాయి కదా (ఉప్పును చెప్పే నీటి సాంద్రత 1.025, ఆమ్లాన్ని తట్టుకునే శక్తి అయిన ఆల్కలినిటీ 8.5, నైట్రేట్ 0, ఫాస్ఫేట్ 0), మరి లైట్ తగ్గించాలా, అయోడిన్ వేయాలా అని అడిగారు. ప్రస్తుతానికి రెండూ వద్దండి. ఆ తల మీద గోధుమరంగు జిగురు పట్టిందేమో మాత్రం ఇవాళే చూడండి. పట్టి ఉంటే దాని సంగతి వేరు, కింద చెప్తాను. లేకపోతే కంగారు పడక్కర్లేదు.

నాకూ అచ్చం ఇలాగే అయింది. 120 లీటర్ల ట్యాంకు, మూడు తలల హ్యామర్. లైట్ వెలిగిన అరగంటకల్లా అరచేయంత వెడల్పున పరుచుకునేది. అలాంటిది ఒక నెలలో కొంచెం కొంచెంగా కుంచించుకుపోయి, టెంటకిల్స్ అగ్గిపుల్ల తలల్లా మిగిలాయి. లైట్ ఎక్కువైందనుకుని కిందికి దింపాను. రెండు రోజులు చూసి, నీటి ప్రవాహం చాలడం లేదేమోనని వేవ్‌మేకర్ (నీటిని కదిలించే పంపు) ఎదుటికి మార్చాను. ఆ తర్వాత అయోడిన్ డిప్, అంటే మందు కలిపిన నీటిలో కాసేపు ముంచడం. వారంలో మూడు వైద్యాలు! ఒక తల పోయింది. దాన్ని చంపింది జబ్బు కాదు, నా వైద్యమేనని ఇప్పటికీ నా అనుమానం.

అసలు దొంగ రిఫ్రాక్టోమీటర్, అంటే ఒక చుక్క నీరు వేసి కంటితో చూస్తే ఉప్పు ఎంతుందో గీత మీద చూపించే మీటరు. పాతది పగిలితే కొత్తది తెచ్చి, ఆర్వో (వడకట్టి లవణాలు తీసేసిన) నీటి చుక్క వేసి సున్నాకి సరిచేసి, ఇక సరిపోయిందనుకున్నాను. సున్నా దగ్గర సరిగ్గా చూపించే మీటరు 35 పీపీటీ (వెయ్యి భాగాల నీటిలో 35 భాగాల ఉప్పు) దగ్గర కూడా సరిగ్గా చూపించాలని లేదు. చివరికి 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణం (మీటరుని సరిచూసే, ఉప్పు ఎంతో ముందే తెలిసిన నీరు) తెచ్చి ఒక చుక్క వేస్తే, నీలం గీత 31 దగ్గర ఆగింది. అంటే 35 అనుకుంటూ నేను ఉంచిన నీరు నిజానికి 39. కొత్త మీటరు చూసి ఉప్పు కలిపిన ప్రతి వాటర్ ఛేంజ్‌తోనూ ట్యాంకు ఇంకాస్త ఉప్పగా మారుతూ వచ్చిందన్నమాట. చేపలకు ఎక్కువైన ఉప్పును బయటికి పంపే ఏర్పాటు ఉంటుంది, అందుకే అవి హాయిగా తిరుగుతున్నాయి. కోరల్‌కి ఆ వెసులుబాటు లేదు.

నిజానికి నాకు ఒక ఆధారం ముందే దొరికింది. మామూలుగా 1300 దగ్గర ఉండే మెగ్నీషియం 1450 వచ్చింది; నీటిలో ఉప్పు పెరిగితే దాంతోపాటు అదీ పెరుగుతుంది. ఉప్పు డబ్బా మంచిది పడిందని మురిసిపోయాను! మీరు మెగ్నీషియం రాయలేదు, ఒకసారి చూడండి. మీ 1.025 దేనితో కొలిచారో కూడా రాయలేదు. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటరైతే దాని మాట అసలు నమ్మొద్దు, ముల్లుకి ఒక గాలిబుడగ అంటుకున్నా అంకె మారిపోతుంది.

ఉప్పు ఎక్కువని తేలినా ఒక్కరోజులో దించేయకండి. నేను రోజుకు లీటరున్నర ట్యాంకు నీరు తీసి, అంతే ఆర్వో నీరు పోశాను. ఎనిమిది తొమ్మిది రోజులకి 35కి వచ్చింది. ఆరో రోజు సాయంత్రం ఒక తల అంచున నాలుగు టెంటకిల్స్ బయటికి వచ్చాయి. కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నాను.

మీ అంకెల్లో నన్ను ఆపింది ఇంకొకటి ఉంది. నైట్రేట్ 0, ఫాస్ఫేట్ 0 అని సంతోషంగా రాశారు. అది సంతోషించాల్సిన విషయం కాదండి. కోరల్ కండలో జూజాంథెల్లే అనే సూక్ష్మమైన నాచు ఉంటుంది. తిండిలో ఎక్కువ భాగం కోరల్‌కి దాని నుంచే వస్తుంది. ఆ నాచుకి నైట్రేట్, ఫాస్ఫేట్‌ల నుంచి దొరికే నత్రజని, భాస్వరం కొద్దిగానైనా కావాలి. కోరల్ రంగు వెలిసినట్టు ఉంటే ఈ కారణాన్ని గట్టిగా అనుమానించాలి. నైట్రేట్ 5 చుట్టుపక్కల, ఫాస్ఫేట్ 0.05 చుట్టుపక్కల ఉంటే నాకు నిశ్చింత. ఫాస్ఫేట్ పీల్చే మీడియా (ఫిల్టర్‌లో వేసే పదార్థం) వాడుతుంటే తీసేయండి, చేపలకి మేత కాస్త పెంచండి, వారం ఆగండి.

ఆల్కలినిటీ 8.5 అంటే మంచి అంకే. కానీ అది ఒక్కరోజు అంకె. వరసగా నాలుగు రోజులు ఒకే వేళకి కొలవండి. 7.5 అయినా 9 అయినా కదలకుండా ఉంటే హ్యామర్ సర్దుకుంటుంది. ఇవాళ 7, ఎల్లుండి 10 అయితేనే ముడుచుకుంటుంది.

ప్రవాహం గురించి ఒక్క మాట: టెంటకిల్స్ మెల్లగా ఊగాలి, ఒకే వైపుకి వాలిపోయి ఉండకూడదు. ఒకే వైపు నుంచి జోరుగా కొడితే కండ సున్నపు అంచుకి రాసుకుని చిరుగుతుంది. మీకు ఒక తల మాత్రమే దెబ్బతింది కాబట్టి ఇది కూడా చూడాల్సిందే. లైట్లు ఆరిన గంటకి ఎర్ర టార్చి వేసి చూడండి. ఏ చదును పురుగో (ఫ్లాట్‌వార్మ్), ఏ పీతో కోరల్ని కెలుకుతుంటే అప్పుడే దొరుకుతుంది.

ఇక ఆ గోధుమరంగు జిగురు. దాన్ని బ్రౌన్ జెల్లీ అంటారు, పట్టిన తలని ఒకటి రెండు రోజుల్లో కరిగించేసి పక్క తలకి పాకుతుంది. అప్పుడు ఆగడం తప్పు. పంపులన్నీ ఆపి, సన్నని పైపుతో జిగురుని బయటికి లాగేయండి. కోరల్ని బయటికి తీసి, తలలు విడివిడి కొమ్మల మీద ఉంటే ఆ కొమ్మని కండ లేని చోట కోసి వేరు చేయండి. మిగిలిన తలలకి అప్పుడు డిప్ ఇవ్వచ్చు. గ్లవ్స్, కళ్ళజోడు తప్పనిసరి.

జిగురు లేకపోతే మాత్రం కోరల్ని ఉన్నచోటే ఉంచి, ముందు 35 ద్రావణం తెప్పించండి. మీటరు ఎంత చూపించిందో, మెగ్నీషియం ఎంత వచ్చిందో రాయండి. ఫోటో పెడితే నీలం లైటు ఆపేసి తెల్ల లైటులో తీయండి. మీరు పెట్టిన దాంట్లో అన్నీ మెరుస్తున్నాయి తప్ప, కండ ఎక్కడ ఆగిందో తెలియడం లేదు.