బొమ్మల పేటలో ఏం చూడాలి? మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఈ మధ్య ఒక నగరానికి వెళ్లినప్పుడు అక్కడి 'ఆర్ట్ డిస్ట్రిక్ట్' చూడకుండా రావద్దని ఫ్రెండ్స్ చెబితే వెళ్లాం. గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు, కొన్ని కేఫ్‌లు, ఏవో ఫ్యాన్సీ షాపులు, అంతే, చకచకా అయిపోయింది. ఫోన్ నిండా ఫోటోలున్నాయి కానీ ఏం చూశారని అడిగితే చెప్పడానికేం లేదు. మాకు ఆర్ట్ తెలియకపోవడమా, అక్కడ నిజంగానే ఏమీ లేదా?

జవాబు: మీకు ఆర్ట్ తెలియకపోవడం అయితే కాదు. మ్యాప్‌లో గుర్తు పెట్టి ఉన్న గోడల దగ్గరికే వెళ్లుంటారు. ఒక గోడకీ ఇంకో గోడకీ మధ్యనున్న వీధిని గబగబా దాటేసుంటారు. అసలు సరుకంతా అక్కడే ఉంటుంది.

ఇలాంటి పేటలు చాలావరకు పాత గోడౌన్లు, మూతపడ్డ ఫ్యాక్టరీలు ఉన్నచోటే పుడతాయి. అద్దె తక్కువ, పైకప్పు ఎత్తు, ఎంత పెద్ద కాన్వాసైనా నిలబెట్టుకోవచ్చు, అర్ధరాత్రి సుత్తి పట్టుకున్నా అడిగేవాళ్లుండరు. పైగా కిటికీల్లేని పొడుగాటి గోడలు. న్యూయార్క్‌లో సోహో అలాగే మొదలైంది. ఫ్యాక్టరీలు ఖాళీ చేసిన అంతస్తుల్లో ఆర్టిస్టులు రూల్స్ ఒప్పుకోకపోయినా మకాం పెట్టేశారు, చివరికి 1971లో నగరమే రూల్స్ మార్చి వాళ్లు అక్కడ ఉండటానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. మయామీలోని విన్‌వుడ్‌దీ గోడౌన్ల కథే, కాకపోతే అక్కడ 2009లో టోనీ గోల్డ్‌మన్ అనే రియల్ ఎస్టేట్ వ్యాపారి తనే ఆర్టిస్టులను పిలిచి గోడలు ఇచ్చాడు. తర్వాత రెండుచోట్లా జరిగింది మాత్రం ఒకటే. జనం వచ్చారు, అద్దెలు పెరిగాయి, మొదట వచ్చిన ఆర్టిస్టుల్లో చాలామంది ఆ అద్దెలు కట్టలేక వేరే చోటు వెతుక్కున్నారు.

అందుకే పేటకి వెళ్లగానే బొమ్మల కంటే ముందు షాపులు చూడండి. వెల్డింగ్ షాపు, ఫ్రేములు కట్టే షాపు, స్క్రీన్ ప్రింటింగ్ చేసే చిన్న గది ఉన్నాయా, లేక వరసగా ఒకే రకం కేఫ్‌లేనా? ఫ్రేములు కట్టేవాళ్లకి ఇంకా గిరాకీ ఉందంటే చుట్టుపక్కల బొమ్మలు వేసేవాళ్లు ఇంకా ఉన్నట్టే. నేనైతే ముందు రంగుల షాపు ఎక్కడని అడుగుతాను. ఇవాళ ఏ గోడ మీద పని నడుస్తోందో, ఎవరి స్టూడియోలోకి వెళ్లి చూడనిస్తారో ఆ కౌంటర్ దగ్గర నిలబడితే తెలుస్తుంది.

పని నడుస్తున్న గోడ దొరికితే మాత్రం వదలకండి. కొందరు ఆర్టిస్టులు మొదలుపెట్టిన రోజు చూస్తే గోడంతా అడ్డదిడ్డంగా అక్షరాలు, సున్నాలు, మెలికలు కనిపిస్తాయి, గోడ పాడుచేసి పోయారా అనిపిస్తుంది. అది వాళ్ల కొలత. ఆ పిచ్చిగీతలన్నిటితో సహా గోడని ఫోటో తీసి, ఫోన్‌లో దాని మీద తమ డిజైన్‌ని పరుచుకుంటారు. ముక్కు కొన ఫలానా సున్నా పక్కకి రావాలి, చెవి ఆ మెలిక మీదుగా పోవాలి అని చూసుకుంటూ మనిషిని పైకి లేపే లిఫ్ట్ బండి మీద నిలబడి గీస్తారు. అంత దగ్గర నుంచి వాళ్లకి కనిపించేది చెయ్యంత గోడే, అయినా నాలుగంతస్తుల ముఖం వంకర పోదు.

ప్రశ్న: పెద్ద బొమ్మలు సరే, ఎవరో గోడల మీద గీసిపోయే, ఎవరికీ అర్థంకాని ఆ సంతకాలు కూడా ఆర్టేనా? గోడలు పాడుచేయడం కాదూ?

జవాబు: అడక్కుండా ఇంకొకరి గోడ మీద గీస్తే పాడుచేయడమే, చాలా దేశాల్లో నేరం కూడా. కాకపోతే ఈ వ్యవహారంలో చాలాభాగం ఆ సంతకాల నుంచే పెరిగింది. 'టాకీ 183' అనే సంతకం ఊరంతా ఎందుకు కనిపిస్తోందని 1971లో న్యూయార్క్ టైమ్స్ వార్త వేసింది. ఆ 183 అతను ఉండే వీధి నంబరు. కీత్ హారింగ్ అనే ఆర్టిస్టు 1980ల్లో అదే న్యూయార్క్‌లో సబ్‌వే, అంటే భూగర్భ రైలు స్టేషన్లలో, యాడ్ లేని బోర్డుల మీద అంటించే నల్ల కాగితం మీద సుద్దముక్కతో గీసి పేరు తెచ్చుకున్నాడు, అరెస్టులూ తప్పలేదు.

సంతకాలు నాకూ పెద్దగా నచ్చవు. కానీ ఎలా వేశారో చూడటం సరదాగా ఉంటుంది. స్టెన్సిల్, అంటే ఆకారం కోసి తీసిన కాగితం, పెట్టి రంగు కొడితే అంచు బ్లేడుతో కోసినట్టు పదునుగా ఉంటుంది, సున్నా లాంటి అక్షరం మధ్యలో చిన్న గ్యాప్ ఉంటుంది, ఎందుకంటే ఆ కాస్త కాగితం వదలకపోతే మధ్యముక్క ఊడిపోతుంది. స్ప్రే క్యాన్‌తో దూరం నుంచి కొడితే అంచు చుట్టూ పొడి రాలినట్టు చుక్కలుంటాయి. కాగితం మీద వేసుకొచ్చి పిండి జిగురుతో అంటించినవైతే మూలల్లో లేచిపోతుంటాయి, ఆ చిరుగుల్లోంచి కింద పొర కనిపిస్తుంది.

ప్రశ్న: ఒక ఇంటి గోడ మీద బొమ్మ ముందు ఫోటో దిగుతుంటే లోపల్నుంచి ఒకావిడ వచ్చి కోప్పడింది. బొమ్మ వేయించుకున్నది చూడటానికేగా?

జవాబు: వేయించుకున్నది ఆవిడే అని మీకెవరు చెప్పారు? దక్షిణ కొరియాలోని సియోల్ నగరంలో ఇహ్వా అని కొండమీద పాత పేట ఉంది. 2006లో ప్రభుత్వ కార్యక్రమం కింద అక్కడ గోడలకీ మెట్లకీ బొమ్మలు వేశారు. మెట్ల మీద పూలు, చేపలు ఎంత పేరు తెచ్చాయంటే పొద్దస్తమానం జనమే, గోలే, చెత్తే. చివరికి 2016లో అక్కడుండేవాళ్లలో కొందరు ఆ మెట్లకి రంగు పూసి బొమ్మలు చెరిపేశారు. గొంతు తగ్గించండి, గుమ్మానికి అడ్డంగా నిలబడకండి, కిటికీలోకి కెమెరా పెట్టకండి. మనుషుల్ని తీయాలంటే ముందు అడగండి, షాపులో వస్తువుల్ని తీయాలన్నా అంతే.

ప్రశ్న: అలాంటి చోట ప్రింట్లు అమ్ముతారు కదా, కొనొచ్చా? మోసపోతామేమోనని టెన్షన్.

జవాబు: ఇంటికి పట్టుకెళ్లాక రోజూ చూడాలనిపించేదైతే కొనండి, ధర పెరుగుతుందని మాత్రం కొనకండి. కింద పెన్సిల్‌తో 7/50 అని ఉంటే యాభై కాపీల ఎడిషన్‌లో ఏడోదని. ఆ నంబరూ సంతకమూ కూడా ప్రింట్‌లోనే అచ్చయి ఉంటే అది పోస్టర్, పోస్టర్ ధరే పెట్టండి. స్క్రీన్ ప్రింట్ అని చెప్పి అమ్ముతుంటే కాగితాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకోండి, రంగు మీద రంగు పడ్డచోట ఇంకు కొంచెం లేచి కనిపిస్తుంది. ఇంకుజెట్ ప్రింట్‌లో ఆ ఎత్తు ఉండదు. ఎవరు వేశారు, ఎక్కడ అచ్చు వేశారు అని అడిగితే షాపువాళ్లు తడుముకోకుండా చెప్పగలగాలి. గోడ మీది బొమ్మనే కప్పుల మీద, టీషర్టుల మీద అమ్ముతుంటే గీసినవాళ్లకి వాటా వెళ్తోందా అని కూడా అడగండి. గోడ ఎవరిదైనా బొమ్మ మీద కాపీరైట్ సాధారణంగా గీసినవాళ్లదే.

ప్రశ్న: నాకు బాగా ఇష్టమైన గోడబొమ్మ మీద తెల్లరంగు కొట్టేశారు. ఇది ఎవరూ ఆపలేరా?

జవాబు: చాలాసార్లు ఆపలేరు, కొన్నిసార్లు ఆర్టిస్టులే ఆపరు. బెర్లిన్‌లో బ్లూ అనే ఆర్టిస్టు వేసిన పెద్ద బొమ్మల మీద 2014లో అతని అంగీకారంతోనే నల్లరంగు పూశారు. వాటి పేరు చెప్పుకొని ఆ చుట్టుపక్కల స్థలాల ధరలు పెంచుకోవడం అతనికి నచ్చలేదు. న్యూయార్క్‌లో గోడల నిండా బొమ్మలున్న 5పాయింట్జ్ అనే భవనం సంగతి వేరు. 2013లో యజమాని చెప్పకుండా రాత్రికి రాత్రి తెల్లరంగు కొట్టించేస్తే 21 మంది ఆర్టిస్టులు కోర్టుకెళ్లారు, 2018లో 67.5 లక్షల డాలర్ల పరిహారం ఇవ్వమని తీర్పు వచ్చింది, 2020లో అప్పీలు కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. డబ్బు వచ్చింది కానీ బొమ్మలు రాలేదు. మీకు నచ్చిన గోడ ఎదురుగా నిలబడి, పక్క ఇళ్లతో సహా ఫోటో తీసి తేదీ రాసుకోండి.

ప్రశ్న: ఏ టైమ్‌కి వెళ్తే బాగుంటుంది?

జవాబు: పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి. షట్టర్ల మీద వేసిన బొమ్మలు షాపులు తెరిస్తే పైకి చుట్టుకుపోతాయి, షాపులు చూడాలంటే తెరవాల్సిందే. చాలా గ్యాలరీలకి సోమవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి.