బుర్రకూ ఒంటికీ ఒకే పరీక్ష

ప్రశ్న: మా అబ్బాయి క్విజ్‌లలో దిట్ట, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. లండన్ టీవీలో తెలివినీ ఒంటి సత్తువనూ కలిపి పరీక్షించే పోటీ ఉండేదని వాడి మేనమామ ఊరిస్తున్నాడు. నిజమేనా?
– ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: నిజమేనమ్మా, కాకపోతే లండన్ కాదు. మాంచెస్టర్‌లోని గ్రెనాడా సంస్థ తీసిన ‘ది క్రిప్టాన్ ఫ్యాక్టర్’ అది. 1977లో మొదలై 1995 దాకా వచ్చింది. చాలాకాలం గోర్డన్ బర్న్స్ నడిపారు. పోటీదారులు నలుగురు. జ్ఞాపకశక్తి, పరిశీలన, తర్కం, సాధారణ జ్ఞానం, ఇంతవరకు మీవాడు నెట్టుకొస్తాడు. చిక్కంతా సైనిక శిక్షణ మైదానంలోనే! గోడలు దూకాలి, వలలు ఎక్కి దిగాలి, బురదలో పడి లేవాలి. మహిళలను కాస్త ముందుగా బయలుదేరనిచ్చేవారు.

నాకు బాగా నచ్చింది మాత్రం విమానం ఘట్టం. పైలట్లు కాని మామూలు ఉద్యోగస్తులను సిమ్యులేటర్‌లో (అసలు విమానం నడుపుతున్నట్టే అనిపించే యంత్రంలో) కూర్చోబెట్టి, ‘దించండి చూద్దాం’ అనేవారు. ఎంత చదివినవారికైనా అక్కడ చేతులు వణకాల్సిందే.

ఆదివారం కబ్బన్ పార్కులో వాహనాలు తిరగవు. అబ్బాయిని అక్కడ పరుగెత్తించండి, మేనమామను తోడిచ్చి. ఆయన కూడా పరుగెత్తాలి సుమా, బెంచీ మీద కూర్చుని కబుర్లు చెబితే ఒప్పుకోకండి.