ఊరి మొదట్లో సర్కిల్ తోట: కోడలు పిల్లకి మామయ్య ఉత్తరం

అమ్మడూ,

ఊళ్లోకి రాగానే కనిపించే సర్కిల్‌లో మొక్కలు పెంచే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది, నువ్వు గీసిన ప్లాన్ కూడా పంపింది. గీత బాగుంది. కానీ అందులో ఫౌంటెన్, రెండు బెంచీలు, పదిహేను రకాల పూలమొక్కలు, చుట్టూ లాన్ ఉన్నాయి. అది పార్కు కాదమ్మా, రోడ్డు. మొక్కలు చూసుకునే మనిషి తప్ప ఇంకెవరూ అక్కడికి వెళ్లకూడదు, ఆ మనిషి కూడా ఎంత తక్కువ వెళ్తే అంత మంచిది. అందుకే ప్లాన్‌లో ఉన్న ప్రతిదాన్నీ ఒకే ప్రశ్న అడుగు: దీని కోసం ఏడాదిలో ఎన్నిసార్లు బండ్ల మధ్య నుంచి రోడ్డు దాటాలి?

ముందు బెంచీలు తీసెయ్. కూర్చునే చోటు కనిపిస్తే జనం రోడ్డుకి అడ్డం పడి వెళ్తారు. ఫౌంటెన్ నీళ్లు గాలికి ఎగిరి మలుపులో పడితే టూవీలర్లు జారతాయి. లాన్ సంగతి సరేసరి. అన్నిటికంటే ఎక్కువ సార్లు మనిషి వెళ్లాల్సింది దానికే, పైగా కోసే మిషన్ రాళ్లను రోడ్డు మీదకి విసురుతుంది.

మధ్యలో మట్టి ఎత్తుగా పోయించు. చదునుగా ఉంటే రాత్రిపూట అవతలి రోడ్డు లైట్లు కనిపించి, దారి నేరుగా ఉందనుకుని డ్రైవర్ స్పీడు తగ్గించడు. నీ సర్కిల్ మధ్య నుంచి అంచుకి 8 మీటర్లు ఉంది కదా. అంచు వెంబడి 2 మీటర్లు చదునుగా వదిలి, మిగతా 6 మీటర్లలో ఆరుకి ఒకటి చొప్పున వాలు ఇస్తే మధ్యలో 1 మీటరు ఎత్తు వస్తుంది. అంతకంటే నిటారుగా వద్దు. వానకి మట్టి రోడ్డు మీదకి దిగుతుంది, అదుపుతప్పి పైకెక్కిన బండి బోల్తా పడే ప్రమాదమూ పెరుగుతుంది.

బండి ఎక్కుతుందా అంటే, ఎప్పుడో ఒకప్పుడు ఎక్కుతుంది. అందుకే అంచుల్లో బండరాళ్లు, సిమెంటు తొట్లు, లావుగా పెరిగే చెట్లు పెట్టకు. విగ్రహం పెడదామని ఎవరైనా వస్తారు, తప్పకుండా వస్తారు. వాళ్లకి ఇదే చెప్పు. లోపలికి వచ్చే రోడ్లకి ఎదురుగా గట్టి వస్తువేదీ ఉండకూడదు. ఊరి పేరు బోర్డు ఎత్తు మీద పెట్టుకోవచ్చు, కానీ బండి గుద్దితే తేలిగ్గా విరిగి పడిపోయేదిగా చేయించు. దాని మీద వేసే లైటు డ్రైవర్ కళ్లలో కొట్టకూడదు.

అంచు దగ్గరి 2 మీటర్లలో మొక్కలు మోకాలు దాటకూడదు. నర్సరీలో చూసిన ఎత్తు కాదు, మూడేళ్ల తర్వాతి ఎత్తు చూసుకో. కారు డ్రైవర్ కన్ను నేల నుంచి దాదాపు 1.1 మీటర్ల ఎత్తులో ఉంటుంది. నాటే ముందు మొక్కల ఎత్తుకి కర్రలు పాతి, ప్రతి రోడ్డు నుంచీ కారులో వచ్చి చూడు. సర్కిల్‌లో తిరుగుతున్న బండి కనపడకపోతే ఆ మొక్క వద్దు. డివైడర్ల మీద ఇంకా పొట్టివి కావాలి, అక్కడ రోడ్డు దాటే పిల్లలు కనపడాలి.

పదిహేను రకాలు నడిచి వెళ్లేవాళ్లకి. గంటకి 30 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 8 మీటర్లు పైనే. ఆ వేగంలో రంగు కనిపిస్తుంది, పువ్వు కాదు. మూడు నాలుగు రకాలు చాలు, ఒక్కొక్కటి పెద్ద పెద్ద గుంపులుగా వెయ్. అంచుకి పొట్టి నూరువరహాలు, రియో లాంటివి, మధ్యలో బోగన్‌విల్లియా లేదా గడ్డిదుబ్బులు. వేరు పట్టాక బోగన్‌విల్లియా నీళ్లు తగ్గించినప్పుడే ఎక్కువ పూస్తుంది, మనకి కావాల్సింది అదే. ముళ్ల కొమ్మలు రోడ్డు వైపు రాకుండా లోపలే ఉంచు.

ఇక మట్టి. అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే. రోడ్డు వేసేటప్పుడు కంకర, సిమెంటు ముద్దలు, తారు పెళ్లలు అన్నీ మధ్యలోకే తోసేస్తారు, రోలర్ కూడా తిరిగి ఉంటుంది. పైన ఎర్రమట్టి పరిచి మొక్కలు పెడితే మొదటి ఏడాది బానే ఉంటాయి, తర్వాత వేరు ఆగిపోయి ఎండిపోతాయి. అరమీటరు లోతు తవ్వించి, చెత్త ఏరించి, కంపోస్టు కలిపించు. తవ్వేముందు కింద కేబుళ్లు, పైపులు ఎటు వెళ్లాయో రోడ్డు వాళ్లని, కరెంటు వాళ్లని అడిగి కాగితం మీద గీయించుకో. ఆ రోడ్డు ఎవరిదో వాళ్ల అనుమతి కూడా రాతలోనే తీసుకో. రోడ్డు మున్సిపాలిటీది కాకపోవచ్చు.

నీళ్లకి ట్యాంకర్ మీద ఆధారపడకు. అది ఆగితే వెనక బండ్లన్నీ ఆగుతాయి. ఎలాగూ మళ్లీ తారు వేస్తారంటున్నావు కాబట్టి, అంతకు ముందే రోడ్డు కింద ఖాళీ పైపు ఒకటి వేయించు. తర్వాత అందులోంచి నీటి గొట్టం, వైరు లాగొచ్చు. లోపల డ్రిప్ పెట్టు, స్ప్రింక్లర్ వద్దు. డ్రిప్ లైన్లు వాలుకి అడ్డంగా వెయ్, లేదంటే పైనవి ఎండి కిందవి కుళ్లుతాయి.

మొక్కల మధ్య చెక్కపొట్టు 7 సెంటీమీటర్ల మందాన పరిస్తే కలుపు చాలావరకు తగ్గుతుంది. నీ సర్కిల్‌కి అది దాదాపు 14 ఘనపు మీటర్లు, ముందే ఆర్డర్ ఇవ్వు. పొట్టు పరిచాక కూడా అంచు దగ్గర దాని పైభాగం అంచు రాయి కంటే 5 సెంటీమీటర్లు కిందే ఉండాలి, లేకపోతే మొదటి గాలివానకి అంతా రోడ్డు మీద ఉంటుంది.

పనివాళ్ల సంగతి కచ్చితంగా చూడు. ఒంటరిగా ఎవరినీ పంపకు. రిఫ్లెక్టర్ జాకెట్, బండ్లు వచ్చే అన్ని వైపులా కోన్లు, రద్దీ లేని పగటి వేళ. వంగి కలుపు తీసేటప్పుడు ముఖం బండ్లు వచ్చే వైపు ఉండాలి. వర్షంలో, మసక చీకట్లో పని పెట్టనేవద్దు, ఎంత పెద్ద మనిషి చూడటానికి వస్తున్నా సరే.

రెండో వేసవిలో కూడా మొక్కలు చావొచ్చు. అప్పటికి ఫొటోలు దిగినవాళ్లు ఉండరు. డబ్బు ఇచ్చే సంస్థ దగ్గర నాటడానికే కాదు, కనీసం మూడేళ్ల నిర్వహణకి ఒప్పందం రాయించుకో. చచ్చిన వాటి స్థానంలో పెట్టడానికి పదో వంతు మొక్కలు అదనంగా కొని వేరేచోట పెంచు.

ప్లాన్ మార్చి గీసి పంపు. మొక్కల పేర్ల కంటే ముందు పైపు ఎటు నుంచి వస్తుందో, పనివాళ్ల బండి ఎక్కడ ఆగుతుందో గుర్తులు పెట్టు.

ఆశీస్సులతో,
మామయ్య