అల్లుడూ, కొర్రమీను వేసే ముందు ఇది చదువు

ఉద్యోగం మానేసి అరెకరంలో కొర్రమీను చెరువు తవ్విస్తున్నావని మీ అమ్మ చెప్పింది. మన ఇంట్లో మళ్లీ ఒకడు చేపల్లోకి దిగుతున్నాడని సంతోషమేసింది, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

చెరువు చుట్టూ వల కట్టు. తొలకరికి కొర్రమీను గట్టెక్కి పాక్కుంటూ పోతుంది. అది పైకొచ్చి గాలి పీల్చుకునే చేప, పట్టేటప్పుడు వలలో నీళ్ల కింద ఎక్కువసేపు అదిమి ఉంచితే ఊపిరాడక చస్తుంది. చలికాలంలో ఒంటి మీద పుండ్లు చూస్తుండు. మృగశిర కార్తెకి అమ్మాలన్న నీ లెక్క మంచిదే, ఆ రోజు హైదరాబాద్‌లో చేపకుండే గిరాకీ నాకూ తెలుసు.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. నా మొదటి చెరువులో ఐదు వేల పిల్లల్ని వదిలా. కొన్ని చచ్చి తేలాయి. లోటు పూడ్చాలని నెలన్నర తర్వాత ఇంకో రెండు వేలు తెచ్చి అందులోనే వేశా. అప్పటికి పాతవి జానెడు, కొత్తవి వేలెడంత. చిన్నప్పుడు మా కుంటలో ఎర్రటి పిల్లల గుంపు కింద తల్లీతండ్రీ కాపలా తిరిగేవి, చెయ్యి పెడితే మీదికి దూకేవి. పిల్లల్ని అంతలా కాచుకునే చేప సొంత జాతినే మింగుతుందని నాకెలా తోస్తుంది? మేత మిగులుతుంటే కడుపు నిండిందనుకున్నా. ఒక పొద్దున గట్టు పక్కన ఒకటి తేలింది, నోట్లోంచి ఇంకో చేప తోక బయటికుంది. సగం మింగాక గొంతుకు అడ్డం పడి రెండూ చచ్చాయి. అప్పుడు కూడా ఒక్కటేలే అనుకుని వదిలేశాను రా. పట్టిన రోజు ఏడు వేలకి వెయ్యి కూడా తేలలేదు.

ఆ డబ్బు మీ అమ్మ గాజులు కుదువబెట్టి ఇచ్చింది. నువ్వప్పుడు మూడో తరగతి. విడిపించడానికి నాకు మూడేళ్లు పట్టింది, అన్నాళ్లూ పెళ్లిళ్లకి మట్టిగాజులతోనే వెళ్లింది, నన్ను ఒక్క మాట అనలేదు.

అందుకే చెప్తున్నా, ఒకే సైజు పిల్లల్ని ఒకేసారి వెయ్యి. మొదటి రెండు మూడు నెలలు పది పదిహేను రోజులకోసారి వల లాగి, పెద్దవాటిని ఏరి వేరే గుంటలో వెయ్యి. ఒళ్లు అలసిందనో, కూలీలు దొరకలేదనో ఒక్కసారి కూడా వాయిదా వేశావంటే ఊరుకోను. కొన్ని పోతే పోనీ, పైన కొత్తవి వెయ్యకు. మీ అమ్మ ఇస్తానన్నా డబ్బు తీసుకోకు, అప్పు కావాలంటే నన్నడుగు.

పిల్లలు దిగే రోజు ముందే చెప్పు. సైజు చూసే జల్లెడ బుట్టలు రెండు అటక మీదున్నాయి, దులిపి తెస్తా. ఆ పొద్దున నీతో పాటు నీళ్లలో నేనూ దిగుతా.

మీ మామయ్య