అమ్మ రోజూ వండేది వేరు, మనం అక్కడ వండుకునేది వేరు

"వచ్చి ఏడాది కూడా కాలేదక్కా, తొమ్మిది కిలోలు పెరిగిన. అన్నం మొత్తం బంద్ చేయాల్నా?"

అమెరికాలో డాలస్‌లో ఉంటున్న ఒక తమ్ముడు మొన్న ఫోన్‌లో అడిగిన మాట ఇది. నేను సెలవులకు వచ్చి వనస్థలిపురంలో అమ్మ దగ్గర ఉన్నాను. పక్క గదిలో మా పిన్ని కూతురు ఆగస్టు ప్రయాణానికి సూట్‌కేసు తెరిచి కూర్చుంది. అక్కడికి వెళ్ళి లావైపోతానేమోనని దాని భయం. వెళ్ళినవాడికీ, వెళ్ళబోయేదానికీ నేను చెప్పేది ఒకటే. కాస్త వివరంగా చెప్తాను.

ముందు నా సంగతి. 2009లో 58 కిలోలతో అక్కడ విమానం దిగాను. రెండేళ్ళలో 71 అయ్యాను. అప్పుడు ఎవరో చెప్పిన డైట్ పట్టుకుని మూడు నెలలు అన్నం, పప్పు, పెరుగు అన్నీ మానేశాను. ఆకులు తిని, పొడి కలిపిన షేకులు తాగి ఎనిమిది కిలోలు తగ్గాను. నాలుగో నెలలో ఒక రాత్రి పక్క అపార్ట్‌మెంట్ నుంచి చారు పోపు వాసన వస్తే ఏడుపు ఆగలేదు. మళ్ళీ తినడం మొదలుపెట్టిన ఆరు నెలలకు తగ్గిన బరువంతా తిరిగి వచ్చేసింది. ఊడిపోయిన జుట్టు మాత్రం రాలేదు. అందుకే ఎవరైనా "అన్నం బంద్" అంటే నాకు గుండె గుబేలుమంటుంది.

దారి దొరికింది మాత్రం ఇక్కడే, ఈ వంటింట్లో. ఏడేళ్ళ కిందట ఇలాగే సెలవులకు వచ్చినప్పుడు ఒక చిన్న డిజిటల్ తూకం తెచ్చి అమ్మ పొయ్యి పక్కన పెట్టాను. కూరకు నూనె వంచే ముందు నూనె గిన్నెను తూచడం, వంచాక మళ్ళీ తూచడం. ఆ రోజు బీరకాయ కూర. నలుగురికి కిలో బీరకాయలు. అమ్మ చెంచాతో కొలవదు, మణికట్టు అలా వంచి ఇలా లేపుతుంది. తూకంలో తేడా 18 గ్రాములు. ఆవాలు, జీలకర్ర చిటపటమన్నాక ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసింది. అవి మెత్తబడగానే బీరకాయ ముక్కలు వేసి, ఉప్పు చల్లి, మూత పెట్టింది. చుక్క నీళ్ళు పోయలేదు. పది నిమిషాలకు మూత తీస్తే ముక్కలు సగానికి సగం దిగి, వాటి నీళ్ళలోనే అవి కుతకుతలాడుతున్నాయి. నానబెట్టిన పెసరపప్పు గుప్పెడు అందులో వేసి, పప్పు పలుకు మీద ఉండగానే దించేసింది. వారం రోజులు తూచాను. పప్పులో పోపు, చారులో పోపు, రాత్రి కూర అన్నీ కలిపినా నలుగురికి రోజుకు 80 గ్రాముల నూనె దాటలేదు. అంటే మనిషికి 20.

తిరిగి వెళ్ళాక అదే తూకం నా పొయ్యి పక్కన పెట్టాను. ఇద్దరికి ఆలుగడ్డ వేపుడు, ఒక్క పూటకు, 62 గ్రాములు! గ్రాము నూనెకు 9 కేలరీలు. మనిషికి 280 కేలరీలు నూనె నుంచే, ఇంకా ఆలుగడ్డ లెక్క కట్టలేదు, అన్నం లెక్క కట్టలేదు.

అమ్మ వంటే వండుకుంటున్నానని అన్నేళ్ళూ అనుకున్నాను. నేను వండింది అమ్మ పండక్కి వండేది. దూరాన ఉన్నవాళ్ళకు ఇల్లు అనగానే గుర్తొచ్చేది ఆదివారం బిర్యానీ, దసరా మటన్, బగారన్నం, పెళ్ళిలో తిన్న గుత్తి వంకాయ. బెంగ పుట్టినప్పుడల్లా అవే వండుతాం. మంగళవారం మధ్యాహ్నం తిన్న సొరకాయ పప్పు మీద ఎవరికీ బెంగ పుట్టదు. కానీ ఇక్కడ ఉన్నన్నాళ్ళూ మన ఒంటిని అదుపులో పెట్టింది ఆ సొరకాయ పప్పే. కాబట్టి తమ్ముడూ, నువ్వు మానాల్సింది అన్నం కాదు, రోజూ పండగ చేసుకోవడం. ఇంట్లో మామూలు రోజుల్లో ఏం వండేవారో అమ్మను అడిగి రాసుకో. సోమవారం నుంచి శనివారం దాకా అదే వండుకో.

అన్నానికి ఒక కొలత మాత్రం తప్పదు. అక్కడ రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు. దాంట్లో తలకొట్టి బియ్యం పోస్తే దాదాపు 150 గ్రాములు, కేలరీల్లో 500 పైమాటే. అమెరికన్ వంటల్లో కప్పు అంటే 240 మిల్లీలీటర్లు, అది వేరే లెక్క, రెండూ కలిపేయకండి. రూమ్మేట్లు ఇద్దరు చేరి రాత్రికి మూడు కప్పులు పెట్టేస్తారు, మిగిలితే పారేయలేక తినేస్తారు. కుక్కర్ కప్పుతో మనిషికి పూటకు అరకప్పు పెట్టండి. మొదటి వారం వెలితిగానే ఉంటుంది. ఆ వెలితిని కూరతో నింపాలి, ఖాళీ కడుపుతో పడుకుని కాదు.

ఎంత కూర అంటారా? మన హైదరాబాద్ తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2000 కేలరీల భోజనంలో బియ్యం, గోధుమ, జొన్న లాంటివన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100, పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85, నూనె 27 గ్రాములు అన్నారు. బియ్యం కన్నా కూరగాయల తూకం ఎక్కువగా ఉంది, చూడండి. మన కంచాల్లో అది తలకిందులైంది. బరువు తగ్గాలంటే బియ్యం, గోధుమల్లో, నూనెలో ఇంకొంచెం కోత పెట్టుకోవచ్చు. కూరలోనూ, పప్పులోనూ వద్దు. నేను పొట్ట మాడ్చుకున్న మూడు నెలల్లో చేసిన తప్పు అదే, పప్పు మానేశాను.

కూరగాయలు కొనడానికి వెళ్ళినప్పుడు కొత్తలో ఒక ఇబ్బంది ఉంటుంది. ఇండియన్ స్టోర్లలో బోర్డుల మీద ఎక్కువగా హిందీ, గుజరాతీ పేర్లు ఉంటాయి. తెలియక చాలామంది ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, టమాటా పట్టుకుని వచ్చేస్తారు. టిండోరా అంటే దొండకాయ. దూధీ అన్నా, లౌకీ అన్నా సొరకాయ. తురియా బీరకాయ, గువార్ గోరుచిక్కుడు, తూర్ కందిపప్పు, నాచ్‌నీ రాగులు, జువార్ జొన్నలు, బాజ్రీ సజ్జలు. చైనా వాళ్ళ దుకాణంలో బీరకాయను చైనీస్ ఓక్రా అంటారు, ఇండియన్ స్టోర్ దూరమైతే అక్కడ దొరుకుతుంది. ఏదీ దొరకని ఊళ్ళో జుకినీ తెచ్చి బీరకాయలాగే పెసరపప్పుతో వండండి, తేడా పెద్దగా తెలియదు. తోటకూర లేకపోతే గడ్డకట్టిన పాలకూర సంచులు ఉంటాయి, కడగక్కర్లేదు, తరగక్కర్లేదు. కుక్కర్‌లో పప్పు మీద సంచి ఒలకబోసి మూడు కూతలు రానిస్తే పాలకూర పప్పు తయారు.

వేపుడు లేకుండా ఎలా అంటారు కదా. అక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో పొయ్యి కింద ఓవెన్ ఉంటుంది. మనవాళ్ళు దాన్ని గిన్నెలు దాచుకునే అరగా వాడుతుంటారు. అరకిలో దొండకాయలు నిలువుగా సన్నగా తరిగి, రెండు టీ స్పూన్ల నూనె, ఉప్పు, పసుపు చేత్తో బాగా పట్టించండి. పళ్ళెంలో ఒక్క వరసలోనే పరచండి. ముక్క మీద ముక్క పడితే ఉడుకుతాయి గానీ వేగవు. 400 ఫారెన్‌హీట్‌లో, అంటే ఇంచుమించు 200 సెల్సియస్‌లో, 25 నిమిషాలు. మధ్యలో ఒకసారి తిరగేయాలి. అంచులు గోధుమరంగుకు తిరిగాక బయటకు తీసి, దంచిన వెల్లుల్లి, కారం, కొబ్బరి పొడి వేడి మీదే కలపండి. కారం ముందే వేస్తే మాడి చేదవుతుంది. ఇద్దరికి రెండు టీ స్పూన్లంటే మనిషికి 40 కేలరీల నూనె. బెండకాయ, వంకాయ, కాకరకాయ అన్నీ ఇలాగే చేస్తాను. పొగ రాదు, స్మోక్ అలారం టెన్షన్ కూడా ఉండదు.

అసలు బరువు పెరిగే సమయం మాత్రం భోజనం కాదు, భోజనానికి ముందు గంట. దీని గురించి ఎవరూ చెప్పరు. ఇక్కడ ఏడింటికి ఇంటికి వస్తే వంట అయిపోయి ఉంటుంది. అక్కడ ఏడింటికి తలుపు తీస్తే చీకటి, ఖాళీ ఇల్లు, విపరీతమైన ఆకలి. బియ్యం కడిగి పెట్టి, అది ఉడికేలోపు నిలబడే సకినాలో, మిక్స్చరో, చిప్సో పొట్లం సగం తినేస్తాం. తర్వాత మళ్ళీ అన్నం. నేనూ ఏళ్ళ తరబడి అలాగే చేశాను. ఆ గంట కోసం ఆదివారం కాస్త కష్టపడండి. నాలుగు రకాల కూరగాయలు తరిగి డబ్బాల్లో పెట్టుకోండి. శనగలో, బొబ్బర్లో నానబెట్టి ఉడికించి ఫ్రిజ్‌లో ఉంచండి. ఇంటికి రాగానే ముందు పెద్ద గ్లాసు మజ్జిగ, ఒక గిన్నె గుగ్గిళ్ళు. గుడ్లు తినేవాళ్ళకు ఉడికించిన గుడ్డు ఒక్కటి 70 కేలరీలు, ఆరు గ్రాముల ప్రోటీన్. ఆ తర్వాత స్థిమితంగా పొయ్యి వెలిగించండి.

పాల సంగతి ఒక్క మాటలో. అక్కడి హోల్ మిల్క్‌లో వెన్న 3.25 శాతం. మన ఫుల్ క్రీమ్ ప్యాకెట్‌లో 6, టోన్డ్‌లో 3. అంటే అక్కడి హోల్ మిల్క్ మన టోన్డ్ పాలకు దగ్గర. దాన్ని చూసి భయపడి పెరుగే మానేయకండి. కావాలంటే ఒకటో, రెండో శాతం పాలు తోడు పెట్టుకోండి, చక్కగా తోడుకుంటాయి.

శనివారం పార్టీలు తప్పవు, తప్పించుకోకండి కూడా. మనవాళ్ళు లేకపోతే అక్కడ బతకలేం. వెళ్ళేటప్పుడు మీ వంతుగా ఒక పెద్ద గిన్నె కూర పట్టుకెళ్ళండి, చిక్కుడుకాయో, పాలకూర పప్పో. పన్నెండు వంటకాల్లో మీరు నిశ్చింతగా కడుపునిండా తినగలిగేది ఒకటైనా ఉంటుంది. వదిన గారు బలవంతంగా వడ్డించబోతే "మళ్ళీ వేసుకుంటాను వదినా" అంటే సరిపోతుంది, ఎవరూ నొచ్చుకోరు.

ఒక్కటి మాత్రం అశ్రద్ధ చేయకండి. అక్కడి చార్టుల్లో బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు చూసే లెక్క, 25 లోపు ఉంటే మామూలే అని ఉంటుంది. మన ఆసియా వాళ్ళకు 23 నుంచే షుగర్ పరీక్ష చేయించాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషనే చెప్తోంది. డాక్టర్ అడగకపోతే మీరే అడిగి చేయించుకోండి. ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే అస్సలు ఆలస్యం వద్దు. షుగర్‌కో, థైరాయిడ్‌కో మందులు వాడుతున్నవాళ్ళు భోజనం మార్చే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

నిన్న రాత్రి చెల్లి సూట్‌కేసు మళ్ళీ మొదటి నుంచి సర్దాం. చాలా విమానాల్లో పెట్టెకు 23 కిలోలే, అందుకని ప్రతిదీ ఆలోచించి పెట్టాలి. పిన్ని ఇచ్చిన మటన్ పచ్చడి తీసేశాం, అక్కడ మాంసం రానివ్వరు. బియ్యమూ, పచ్చి కరివేపాకూ అంతే. మిగతా తినుబండారాలు ఏమున్నా అక్కడి కస్టమ్స్ వాళ్ళకు దాచకుండా చెప్పమన్నాను. పెసరట్టుకు పనికొస్తుందని అమ్మ ఇంట్లో మిక్సీ తెచ్చింది. ఇక్కడ 230 వోల్టులు, అక్కడ 120, పని చేయదు. దాని బదులు అక్కడి కరెంటుకు సరిపోయేది కొనాలి. రెండు కిలోల సకినాల్లో పావుకిలో ఉంచాం, పిన్ని మనసు కష్టపెట్టుకుంది గానీ ఒప్పుకుంది. ఖాళీ అయిన చోట కరివేపాకు పొడి, అవిసె గింజల పొడి, నువ్వుల పొడి, ఎండబెట్టిన గోంగూర పెట్టాం. నూనె తక్కువైన కూరకు చెంచాడు పొడి చల్లితే రుచి తిరిగి వస్తుంది.

చివర్లో అమ్మ లోపలికి వెళ్ళి ఒక చిన్న స్టీలు గరిటె తెచ్చింది. పోపు గరిటె, అంచు కాస్త వంగి ఉంది. "పెద్దమ్మా, ఇది నాకెందుకు?" అంది చెల్లి. అమ్మ దాన్ని నిండా నూనెతో నా తూకం మీద పెట్టించింది, గరిటె బరువు తీసేస్తే 19 గ్రాములు. "నలుగురికి ఒక్క గరిటె. నువ్వు ఒక్కదానివే కాబట్టి పావు" అని, దాన్ని ఒక పాత నూలు తువ్వాలులో చుట్టి పొడుల డబ్బాల మధ్య దోపింది.