పక్క ప్లాటు పొదలు ఎవరు కొట్టించాలి? ఖాళీ స్థలాలు, పాడుబడ్డ ఇళ్లపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా వార్డులో 200 గజాల ప్లాటు ఒకటి ఏళ్ల తరబడి ఖాళీగా ఉంది. సర్కారు తుమ్మ, చెత్త, పాములు. యజమాని ఎవరో వీధిలో ఎవరికీ తెలీదు. జనం మాత్రం నన్నే నిలదీస్తున్నారు. కౌన్సిలర్‌గా నేనేం చేయగలను?
— మొదటిసారి గెలిచిన కౌన్సిలర్, మిర్యాలగూడ

ప్లాటు శుభ్రం చేయించమని యజమానికి ఇచ్చే నోటీసు మీద సంతకం పెట్టే అధికారం మీది కాదు, కమిషనర్‌ది. శానిటేషన్ జవానుకు ఫోన్ చేసి జేసీబీ తెప్పించుకునే అలవాటు చాలామంది కౌన్సిలర్లకు ఉంది. పని జరుగుతుంది, జనం మెచ్చుకుంటారు. కానీ ఖర్చు ఊరందరిది, లాభం యజమానిది. వచ్చే వానాకాలానికి అదే పొద, మళ్లీ మీకే ఫోన్లు. అందుకే జేసీబీ కన్నా ముందు యజమానిని పట్టుకోవాలి.

యజమాని పేరు చాలాసార్లు పక్కింట్లోనే దొరుకుతుంది. ఆ ప్లాటుకు నాలుగు పక్కలా ఇళ్లున్న వాళ్ల దస్తావేజులు తీసి చెక్కుబందీ (నాలుగు దిక్కుల హద్దుల వివరం) చూడండి. 'తూర్పు: ఫలానా వారి ప్లాటు నెం. 43' అని రాసి ఉంటుంది. దస్తావేజు పాతదైతే పేరు మారి ఉండవచ్చు, ప్లాటు నంబరు, సర్వే నంబరు మాత్రం దొరికినట్టే. ఆ రెండింటితో రిజిస్ట్రేషన్ శాఖలో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పట్టిక) తీస్తే చివరిసారి ఎవరు కొన్నారో తెలుస్తుంది. తర్వాత బిల్ కలెక్టర్ దగ్గర ఖాళీ స్థలం పన్ను ఖాతా ఉందో లేదో చూడండి. చాలా ప్లాట్లకు అసలు పన్నే వేసి ఉండరు. అలాంటిది దొరికితే పురపాలక సంఘానికి కొత్త ఆదాయం చూపించినవారవుతారు. మీ ఫిర్యాదుకు ఆఫీసులో ఒక్కసారిగా విలువ పెరిగేది అక్కడే.

ఇక దరఖాస్తు. 'మా వీధిలో చెత్త ఉంది' అని రాస్తే అది ఫైల్లో పడుకుంటుంది. ప్లాటు నంబరు, సర్వే నంబరు, ఈసీ ప్రకారం యజమాని పేరు, చిరునామా, తేదీ కనబడే ఫొటోలు జతచేసి కమిషనర్ పేరున ఇచ్చి, ఇన్‌వర్డ్ నంబరు తీసుకోండి. నోటీసు రిజిస్టర్ పోస్టులో వెళ్లాలి, ఒక ప్రతి ప్లాటులోనే బోర్డు మీద అంటించాలి. అంటించినప్పుడు ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ల సంతకాలతో పంచనామా రాయించండి. ఇది లేకపోతే 'నాకు నోటీసే అందలేదు' అని యజమాని చేతులు దులిపేసుకుంటాడు. గడువు దాటాక మున్సిపాలిటీయే శుభ్రం చేయిస్తే, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ముందుగా ఖర్చు అంచనా వేయాలి. జేసీబీ గంటలు, ట్రాక్టర్ ట్రిప్పులు లాగ్‌బుక్కులో ఎక్కాలి. ఆ మొత్తం యజమాని పన్ను ఖాతాలో బాకీగా చేరాలి. అంచనా తర్వాత రాసుకుందాంలే అంటే ఆ డబ్బు వచ్చే దారి ఉండదు.

శుభ్రం చేసే రోజు మీరు అక్కడ ఉండటం మంచిది. జేసీబీ వాళ్లు చేసే తప్పులు రెండు. ఒకటి, హద్దురాళ్లు లేపేయడం. ముందే రాళ్ల చుట్టూ సున్నం పోయించి ఫొటో తీయించండి. లేకపోతే చెత్త తగాదా కాస్తా హద్దు తగాదా అవుతుంది. రెండోది, నున్నగా రావాలని నేలను రోడ్డు మట్టం కన్నా దిగువకు గీకడం. తొలి వానకే అది కుంట. సర్కారు తుమ్మను పైకి నరికితే మొదలు నుంచి గుత్తులుగా చిగురిస్తుంది. అడుగు లోతున వేరు మొదలుతో సహా పెకిలించాలి. వయ్యారిభామను పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని పీకించాలి. పూత వచ్చాక పీకితే విత్తనాలు మనమే చల్లినట్టు. పైరు లేని చోటే కాబట్టి లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి ఎండ బాగా ఉన్నప్పుడు పిచికారీ చేసినా మాడుతుంది. నిప్పు మాత్రం పెట్టనివ్వకండి. పైన కేబుళ్లుంటాయి, చెత్తలో ప్లాస్టిక్ ఉంటుంది.

శుభ్రం చేసిన వారానికే చెత్త మళ్లీ పడుతోందంటే తప్పు జనానిదే అనుకోకండి. చెత్త ఆటో ఏ వేళకు వస్తోందో చూడండి. భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్లాక తొమ్మిదింటికి ఆటో వస్తే, వాళ్ల కవరు ఆ ప్లాటులోకే వస్తుంది. వేళ మార్పించండి. మొదటి పది రోజులు తెల్లవారుజామున, రాత్రి ఒక మనిషిని కాపలా ఉంచితే అలవాటు తెగుతుంది. 'చెత్త వేయరాదు' బోర్డు ఒక్కటే పెడితే దాని కిందే వేస్తారు, ఇది అన్ని ఊళ్లలోనూ చూస్తున్నదే.

ప్రశ్న: హైదరాబాద్ జీహెచ్‌ఎంసీ పరిధిలో మాకు 200 గజాల ప్లాటు ఉంది. ఖాళీ స్థలం పన్ను కట్టాలని, పొదలు తీయించాలని నోటీసు వచ్చిందట. ఇక్కడి నుంచి ఏం చేయాలి? జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇస్తే అంతా చూసుకుంటానని ఒకాయన అంటున్నాడు.
— డాలస్ నుంచి ఒక పాఠకుడు

జీపీఏ ఇవ్వకండి. పొదలు కొట్టించడానికి, పన్ను కట్టడానికి అది అక్కర్లేదు. ఏ పని చేయాలో, ఎంతవరకో పేర్కొంటూ మీ దగ్గరి బంధువు పేరున అధికార పత్రం చాలు. అమ్మే హక్కు రాసిన కాగితం మాత్రం పొరపాటున కూడా ఎవరి చేతికీ వెళ్లకూడదు.

జీహెచ్‌ఎంసీలో ఖాళీ స్థలం పన్ను రిజిస్ట్రేషన్ విలువ మీద ఏడాదికి 0.50 శాతం. మీరు కొన్న ధర కాదు, ఇప్పటి మార్కెట్ రేటూ కాదు. ప్రభుత్వం నిర్ణయించిన విలువ. ఉదాహరణకు ఆ విలువ గజం 20 వేలైతే 200 గజాలకు 40 లక్షలు, పన్ను ఏడాదికి 20 వేలు. పన్ను రసీదు మీ హక్కుకు రుజువు కాదు గానీ, స్థలాన్ని మీరు వదిలేయలేదని చూపించే ఆధారం. ఎవరో వచ్చి పాకేసుకున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఏటా పొదలు కొట్టించే ఖర్చు కన్నా కంచె నయం. 30×60 అడుగుల ప్లాటు చుట్టుకొలత 180 అడుగులు. ఎనిమిది అడుగులకొకటి చొప్పున 23 రాతి కడీలు (స్తంభాలు) పడతాయి, గేటుకు మరో రెండు. కడీ ఎత్తులో కనీసం అడుగున్నర నేలలో ఉండాలి, మూలల్లో ఏటవాలు ఊత కడీలు పెట్టాలి. ఊత లేకపోతే మెష్ లాగి బిగించిన రోజే మూల కడీ లోపలికి వాలుతుంది. ప్లాటు పల్లంగా ఉంటే మట్టి లెక్క ఇది: 1,800 చదరపు అడుగుల్లో అడుగు ఎత్తు లేపాలంటే 1,800 ఘనపుటడుగులు. ట్రాక్టర్ ట్రక్కుకు వంద చొప్పున 18 ట్రిప్పులు, అణిగిపోయేది కలుపుకుంటే 22. మట్టి పోసేవాడు 40 ట్రిప్పులకు బిల్లు పంపిస్తే అడగండి.

ప్రశ్న: మా పక్కిల్లు పాత పెంకుటిల్లు. వారసుల మధ్య కోర్టు కేసు నడుస్తోంది, ఎవరూ ఉండటం లేదు. గోడ మా వైపు ఉబ్బింది. కార్పొరేషన్‌లో అడిగితే కేసు ఉంది కదా అంటున్నారు.
— ఒక గృహిణి, రాజమహేంద్రవరం

కేసు ఉండటం అడ్డు కాదు. ఆస్తి ఎవరిదని కోర్టు తేలుస్తుంది. గోడ మీ పిల్లల మీద పడకుండా చూడటం కార్పొరేషన్ పని. మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం (1955) సెక్షన్ 456 కింద శిథిలమై కూలేలా ఉన్న కట్టడాన్ని పడగొట్టమనో, ఊతం ఇమ్మనో, మరమ్మతు చేయించమనో యజమానికి లేదా అందులో ఉంటున్నవారికి కమిషనర్ నోటీసు ఇవ్వవచ్చు. వారసులు నలుగురుంటే నలుగురికీ పంపాలి, ఇంటికీ అంటించాలి. భాగాల దావాలో యథాతథ స్థితి ఉత్తర్వు ఉంటే, ప్రమాదం సంగతి ఆ కోర్టుకే చెప్పి అనుమతి తీసుకోవడం కార్పొరేషన్ న్యాయవాది చేయాల్సిన పని. ఈ మాట మీ కార్పొరేటర్ చేత రాతపూర్వకంగా అడిగించండి.

అక్కడ కదలిక లేకపోతే ఆర్డీవో దగ్గరికి వెళ్లండి. భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 152 (పాత సీఆర్‌పీసీ 133) కింద కూలేలా ఉన్న కట్టడం, కంచె లేని బావి, పడిపోయేలా ఉన్న చెట్టు విషయంలో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ హోదాలో ఆయన ఉత్తర్వు ఇవ్వవచ్చు. పురపాలక సంఘం డబ్బు లేదంటూ తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసులో తేల్చింది కూడా ఇదే సెక్షన్ మీద.

ఈలోగా మీరు చేయాల్సింది: గోడ బీట మీద, మీ వైపు నుంచి అందేచోట, అరచేయంత సిమెంటు ముద్ద అడ్డంగా పెట్టి దాని మీద తేదీ చెక్కండి. ముద్ద చిట్లితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. వారానికోసారి ఫొటో తీయండి. 'చాలా ప్రమాదంగా ఉంది' అన్న మాట కన్నా ఆ నాలుగు ఫొటోలకు ఇంజినీరు త్వరగా కదులుతాడు. మట్టి అడుసుతో కట్టిన గోడ వాన కురుస్తున్నప్పుడే కాదు, వెలిశాక కూడా పడుతుంది, లోపలి తడి బరువు వల్ల. వాన వెలిసిందని ఆ వైపు గదిలో పడుకోవద్దు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. అద్దెకున్నవాళ్లను లేపేయడానికి బాగున్న ఇంటిని కూడా 'శిథిలం' అనిపించే యజమానులున్నారు. అందుకే కార్పొరేటర్లు ఒక పక్షం మాట విని సిఫారసు చేయకుండా, ఇంజినీరింగ్ కాలేజీ వంటి తటస్థ సంస్థతో పటిష్ఠత పరీక్ష చేయించాలని అడగాలి. మున్సిపాలిటీ కట్టడాన్ని కూల్చినంత మాత్రాన కిరాయిదారు హక్కు పోదని 2014లో షాహా రతన్‌సీ ఖింజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ కోసం సెల్లార్ గొయ్యి తీసి వదిలేశారు. నీళ్లు నిలిచి వీధంతా దోమలు. ఫాగింగ్ చేస్తున్నారు, రెండో రోజుకే మళ్లీ మామూలే.
— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తెనాలి

పొగ ఎగిరే దోమలకే. నీళ్లలో ఉన్న పిల్లపురుగులకు అది తగలదు, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి మందు వారానికోసారి నీళ్లలో పడాలి. పిల్లపురుగులను చంపే టెమిఫాస్ 50 శాతం ఈసీ (నీటిలో కలిపే ద్రవ మందు) అయితే పది లీటర్ల నీటికి 2.5 మిల్లీలీటర్లు కలిపి, గట్టు వెంట మీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున కొడతారు. ఎక్కువ పోస్తే ఎక్కువ పనిచేస్తుందని కాదు. వారం తప్పితే మాత్రం మొత్తం వృథా. రంపపు పొట్టును గుడ్డలో మూటగట్టి, వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టి వేసే ఆయిల్ బాల్స్ మురుగు నిలిచిన గుంటలకు సరిపోతాయి, బావుల దగ్గర పనికిరావు.

మోటారుతో తోడిస్తే పోతుందా అంటే, ఒకసారి తోడి మర్నాడు పొద్దున చూడండి. మట్టం మళ్లీ పెరిగితే అది వాన నీరు కాదు, ఊట. తోడటం దండగ, పూడ్చాలి లేదా పునాది పని మొదలుపెట్టాలి. మీ ఇల్లు గొయ్యికి ఆనుకుని ఉంటే దోమల కన్నా పెద్ద భయం గట్టు జారడం. మీ ఫిర్యాదు శానిటేషన్ వాళ్లకు ఒక్కరికే ఇచ్చి ఊరుకోవద్దు. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీకి కూడా విడిగా ఇవ్వండి. నిర్మాణ అనుమతి గడువు ఎప్పటివరకో, పక్క ఇళ్లకు రక్షణగా గోడ కట్టారో లేదో అడిగే బాధ్యత ఆ విభాగానిది.

ప్రశ్న: మా లేఅవుట్‌లో పార్కుకు వదిలిన జాగాలో ఎవరో షెడ్డు వేశారు. అది పార్కు స్థలమని ఎలా నిరూపించాలి?
— కాలనీ సంఘం సభ్యులు, సిద్దిపేట

మంజూరైన లేఅవుట్ ప్లాను, ఖాళీ జాగాను మున్సిపాలిటీకి రాసిచ్చిన రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్, ఈ రెండు కాగితాలు చాలు. మున్సిపాలిటీలో దొరక్కపోతే సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. గిఫ్ట్ డీడ్ అసలు చేయలేదని తేలితే తొందరపడండి. లేఅవుట్ వేసినవాడి పేరు మీదే ఉన్న జాగా కాబట్టి అతడు అమ్మేసే ప్రమాదం ఉంది. కౌన్సిలర్‌తో కౌన్సిల్ సమావేశం ఎజెండాలో రాతపూర్వకంగా పెట్టించండి. మైకు పట్టుకుని మాట్లాడింది మినిట్స్‌లోకి ఎక్కకపోవచ్చు.

జాగా దక్కాక ఖాళీగా ఉంచకండి. తెలంగాణ పురపాలక చట్టం (2019) ప్రకారం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, బాధ్యత వార్డు సభ్యుడి మీద కూడా ఉంది. బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికే కేటాయించాలి. డబ్బుంది కాబట్టి అడగండి. అదే చట్టం ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో పదిహేనుమందేసి నాలుగు కమిటీలు ఉండాలంది. మీలో ఒకరిద్దరు వాటిలో ఉంటే నీళ్లు పోసేవాళ్లు కూడా దొరుకుతారు.

ప్రశ్న: ఖాళీ ప్లాట్ల మలుపులో వీధిదీపం వెలగదు. ఎన్నిసార్లు చెప్పినా అంతే.
— ఒక విద్యార్థిని, వరంగల్

స్తంభం మీది నంబరు రాసి ఇవ్వండి. ఒక్క దీపమే ఆరితే బల్బు లేదా దానికి కరెంటు అందించే డ్రైవర్ అనే పరికరం పోయినట్టు, వరసంతా ఆరితే కంట్రోల్ బాక్సులో లోపం. రెండింటికీ వచ్చే మనుషులు వేరు, ఏదో చెప్పకపోతే ఒకరి పని ఇంకొకరి మీద పడి ఆగిపోతుంది. దీపం వెలుగుతూనే కొమ్మలు కమ్మేసి ఉంటే, తీగలకు తగిలే కొమ్మలు కొట్టాల్సింది విద్యుత్ శాఖ లైన్‌మన్, సరఫరా ఆపి. మున్సిపల్ సిబ్బందిని నిచ్చెన ఎక్కించకండి.